దెబ్బ కొట్టేవాళ్ల కేక

డబ్బింగ్ థియేటర్లో ఆమెను అందరూ కేకలక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. మాటలు చెప్పే ఆర్టిస్టులు గొంతు పాడవుతుందని కేకలు వేయరు. అందుకని తెర మీద ఏ ఆడది మేడ మీంచి పడినా, ఎవడో చెయ్యి పట్టుకుని లాగినా, చెంప ఛెళ్లుమన్నా ఆ కేక కేకలక్కదే. హీరోయిన్లు మారారు, వాళ్లకు మాటలు చెప్పే గొంతులు మారాయి, కేక మాత్రం మారలేదు. పెళ్లయిన కొత్తలో ఎవరో రాలేదని సరదాకి వేసిన ఒక్క కేక, అలా అలా బతుకుతెరువు అయి కూర్చుంది.

మనిషికి కుదురన్నది లేదు. మైకు ముందు నిలబెడితే కాళ్లు ఒకచోట ఉండవు. ఆ చప్పుడు కూడా రికార్డయిపోతోందని సౌండ్ ఇంజనీరు తల పట్టుకుని, చివరికి ఆమె కాళ్ల కింద ఒక పాత పరుపు వేయించాడు.

ఇంట్లో ఒక్కతే కూతురు. మూడో తరగతి. ఆ పిల్లకు టీవీ అంటే ప్రాణం, కానీ రిమోట్ చేతిలో లేకుండా చూడదు. తెర మీద అమ్మ గొంతు కెవ్వుమనడం ఆలస్యం, టక్కున సౌండ్ తీసేస్తుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మా, అందరూ నిన్నే ఎందుకు కొడతారు? నువ్వు ఎవర్నీ కొట్టవా?"

"అదంతా ఉత్తుత్తిదే తల్లీ!" అని నవ్వేసింది గానీ, ఆ ప్రశ్న ఆమెను పట్టుకుని వదల్లేదు. కన్నకూతురు ఊహ తెలిసినప్పటి నుంచి తల్లి దెబ్బలు తినడమే వింటోంది. ఇంతకంటే తలవంపులు ఏం కావాలి?

అలాంటి సమయంలో ఆ సీరియల్ వచ్చింది. లేడీ సూపర్‌హీరో. ఎగురుతుంది, లారీలు ఎత్తుతుంది, కొండంత రాక్షసుణ్ణి చితక్కొడుతుంది. ఇంత పోట్లాటలోనూ జుట్టు చెదరదు, లిప్‌స్టిక్ చెరగదు, అది వేరే సంగతి. ఆమె కేకలన్నీ కేకలక్కవే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "ఈసారి మీ అమ్మే కొడుతుందే!" అని పిల్లకు మాటిచ్చేసింది. పిల్ల ఆ కబురు బడంతా టాంటాం వేసింది.

రికార్డింగ్ రోజున తెర మీద సూపర్‌హీరో గుద్దు విసిరింది. కేకలక్క నోరు తెరిచింది.

కెవ్వుమంది.

"సూపర్ అక్కా! ఓకే!" అన్నాడు డబ్బింగ్ డైరెక్టరు.

ఆమెకు మాత్రం నచ్చలేదు. కొట్టింది హీరోయిన్, వినపడింది దెబ్బ తిన్నదాని అరుపు. ఇన్నేళ్ల అలవాటు మరి, నోరు తెరిస్తే భయం తప్ప ఇంకోటి రాలేదు. మళ్లీ తీద్దామంది. మళ్లీ కెవ్వే. ఇంకోసారి తీసినా అంతే.

"బ్రహ్మాండంగా ఉంటే మళ్లీ మళ్లీ ఎందుకక్కా?"

"బ్రహ్మాండంగానే ఉంది బాబూ. ఎవరు ఎవర్ని కొట్టారో తెలీట్లేదు, అంతే. రేపు ఒక్కసారి అవకాశం ఇవ్వు."

ఆయన వాచీ చూసుకుని, సరేనన్నాడు.

ఇంటికి వచ్చాక ఆమెకు కాలు నిలవలేదు. వంటింట్లో అరిచి చూసింది, స్నానాలగదిలో అరిచి చూసింది. ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చి, "ఏమైంది వదినా? అన్నయ్యగారు చెయ్యి చేసుకున్నారా?" అంది. బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కే ఆ మహానుభావుడు పేపరు చాటున ముఖం దాచుకున్నాడు.

ఏమీ తోచక ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. ఇనప బీరువా వెనక బూజు కనిపించింది. భుజం ఆనించి, పళ్లు బిగించి ఒక్క తోపు తోసింది. అప్పుడు వచ్చింది, కడుపు అడుగు నుంచి, బొంగురుగా, చివర్లో జీర పోతూ ఒక చప్పుడు. ఆమె అదిరిపడింది. ఇన్నాళ్లూ ఇది ఎక్కడుంది? మళ్లీ తోసింది, మళ్లీ వచ్చింది. మొగుడు తలెత్తి చూసేసరికి బీరువా నట్టింట్లో ఉంది.

"ఇదిక్కడికి ఎందుకొచ్చిందే?"

"పనుండి వచ్చింది. మీరు పేపరు చదువుకోండి."

మర్నాడు మైకు ముందు అదే కేక వేసింది. ఇంజనీరు ఉలిక్కిపడి హెడ్‌ఫోన్స్ తీసేశాడు. డైరెక్టరు నసిగాడు.

"బాగానే ఉందక్కా. కానీ తను హీరోయిన్ కదా, కొట్టినా అందంగా ఉండాలి. మీరేమో బస్తాలు మోస్తున్నట్టు..."

"ఆవిడ మోసేది లారీ బాబూ! లారీ ఎత్తేవాళ్లు పువ్వు వాసన చూసినట్టు అరుస్తారా?"

ఆయన నవ్వి, "రెండూ ఉంచుతాలెండి. ఇవాళ్టిదే వాడతాను, సరేనా?" అన్నాడు. ఆ మాట మూటగట్టుకుని ఇంటికొచ్చింది. సీరియల్ మొదలయ్యేదాకా ఆమెకు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున్నే పిల్ల టీవీ ముందు చేరింది. సూపర్‌హీరో లారీ ఎత్తింది. కెవ్వుమంది, సన్నగా, ముద్దుగా. పిల్ల బొటనవేలు రిమోట్ మీదికి పోయింది. సౌండ్ తీసేలోపే రాక్షసుడు హీరోయిన్ మీదికి చెయ్యి విసిరాడు. వాడి నోట్లోంచి బొంగురుగా, జీరగా కేక వచ్చింది. కాస్త లావు చేశారు గానీ, అది కేకలక్కదే.

డైరెక్టరు మాట తప్పినందుకు కాదు ఆమెకు మండింది. ఆ కేక పనికిరాదని పారేసినా ఊరుకునేది. పనికొచ్చింది, రాక్షసుడికి. తన కేకతో తననే కొట్టించారు. పిల్ల ముఖం చూడలేక వంటింట్లోకి పోయింది. ఉత్తి గిన్నె కడిగింది, కడిగిందే కడిగింది. పిల్లకు ఏమని చెప్పాలి?

హాల్లో ఏదో దభీమంది. వచ్చి చూస్తే పిల్ల సోఫా మీద నిలబడి ఉంది. మెడకు తువ్వాలు కట్టుకుంది. ఎదురుగా దిండును రాక్షసుణ్ణి చేసి నిలబెట్టింది. పిడికిలి బిగించి దూకుతూ అరిచింది, చిన్న గొంతు చీరుకుపోయేలా, బొంగురుగా, అచ్చం వాడిలాగే.

"అది రాక్షసుడి కేక కదే? నువ్వు హీరోయిన్‌వి కాదూ?"

"హీరోయిన్‌లా కెవ్వుమంటే ఎవడికమ్మా భయం?" అంది పిల్ల, దిండును మళ్లీ నిలబెడుతూ. "అయినా అది రాక్షసుడిదేంటి, నీదేగా!"

కేకలక్కకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. తడిచేతులు చీరకు తుడుచుకుని పిల్ల పక్కన సోఫా ఎక్కింది.

"గొంతుతో కాదే పిచ్చిదానా. కడుపులోంచి రావాలి. నన్ను చూడు."