ఆళ్లగడ్డ బస్సులో కుట్టుమిషన్

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి రెండు సంగతులు బాగా తెలిసి ఉంటాయి: తనకు అన్నీ తెలుసని, ఇంట్లోవాళ్లకు ఏమీ తెలియదని. ఆ రోజుల్లో ఈ రెండు జ్ఞానాలూ నాకు నిండుగా ఉండేవి. నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఒకరోజు మా హెడ్మిస్ట్రెస్ పిల్లల ముందే నా బోర్డు రాతను కోడిగీతలన్నారు (నిజానికి కోడి ఇంకాస్త బాగానే గీస్తుంది). మధ్యాహ్నం గంట కొట్టేలోపల రాజీనామా రాసి ఆవిడ బల్ల మీద పెట్టాను. విచిత్రం, ఆ రాత మాత్రం చాలా గుండ్రంగా వచ్చింది! ఆ తర్వాత ఎక్కడో ఐదురోజుల తేనెటీగల పెంపకం శిక్షణ ఇస్తున్నారని తెలిసి పరుగెత్తాను. మూడో రోజుకల్లా రాణీ ఈగ నాకు పిన్ని కూతురంత దగ్గరయింది. ఐదో రోజు చేతిలో ఉన్న కాస్త జీతమూ పెట్టి, ఈగలతో సహా ఒక చెక్కపెట్టె కొనేశాను.

మా నాయన ఆళ్లగడ్డలో సర్కారు బడి పంతులు, చర్చిలో సంఘపెద్ద. ఫోన్లో సంగతంతా విన్నాడు. "పాపా, తొందరపడినావు. అయినా దేవుడుండాడు, ఇంటికి రా" అన్నాడు. అందులో మొదటి మాట నాకు వినపడలేదు. రెండో మాట విని, నా తేనె వ్యాపారానికి పరలోకం నుంచి సంతకం వచ్చేసిందనుకున్నాను. శిక్షణ ఇచ్చినాయన పదిసార్లు చెప్పాడు, పొద్దు గుంకి ఈగలన్నీ లోపలికి చేరాకే పెట్టె మూసి కదిలించాలని, ఈగలు వచ్చిపోయే దారికి గట్టిగా జాలీ బిగించాలని. అంత ఓపిక ఎవరికుంది? పొద్దున పది గంటల బస్సు కనపడుతుంటే! నా చేతిరుమాలు మడిచి ఆ దారిలో కుక్కి, పెట్టెకు పాతచీర చుట్టి, నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కాను.

"ఏందమ్మా ఆ మూటలో?" అన్నాడు కండక్టరు.

"కుట్టుమిషనన్నా, తలకాయ ఒక్కటే" అన్నాను. సంఘపెద్ద కూతుర్ని, రెప్ప కూడా వేయకుండా.

బస్సు ఊరు దాటింది. నా పక్కన కూర్చున్న అవ్వ మూట వైపు చెవి వంచింది. "పాపా, నీ మిషన్ మూలుగుతాండాది."

"నూనె వెయ్యలేదవ్వా."

"నూనె లేకుంటే కీచుమంటాది గానీ, గుయ్యిమంటాదా?"

నేను మూట ముడి బిగిస్తుండగానే, శిరివెళ్ల దాటాక ఒక స్పీడుబ్రేకరు వచ్చింది. బస్సు ఎగిరింది, పెట్టె ఎగిరింది, రుమాలు ఊడింది. మొదటి ఈగ తాపీగా బయటికి వచ్చి కండక్టరు టికెట్ మిషన్ మీద వాలి, అక్కడ పనేమీ లేదని తెలుసుకుని ఆయన చెవి మీదికి మారింది. "యమ్మా! కుట్టిందిరో!" అని ఆయన ఎగిరి గంతేశాడు.

"కుట్టుమిషన్ గదప్పా, కుట్టక ఏం చేస్తాది?" అంది అవ్వ.

ఆ మాటకు ఎవరూ నవ్వే స్థితిలో లేరు. బస్సంతా ఈగలు! డ్రైవరు బ్రేకు కొట్టాడు. ముందు తలుపు, వెనక తలుపు, ఒకాయనైతే కిటికీ, అన్ని దారులా జనం దూకేశారు. అందరికంటే ఎక్కువ కాట్లు మాత్రం నాకే పడ్డాయి, ఈగలకు కూడా న్యాయం తెలుసు. కండక్టరు ఎర్రటి చెవి పట్టుకుని, "దిగు తల్లీ, నీకూ నీ మిషన్‌కూ ఒక దండం" అన్నాడు. నేను పెట్టె ఎత్తుకుని దిగాను. జనం మళ్లీ ఎక్కారు, బస్సు వెళ్లిపోయింది. రోడ్డు పక్కన నిండు పూత మీద ఉన్న పొద్దుతిరుగుడు చేను, గట్టు మీద నేను, నా పెట్టె. రాణీ లోపలే ఉంది, దాని పరివారం సగం చేనులో ఉంది.

గట్టు మీదే మోకరించాను. "ప్రభువా, ఐదు నిమిషాల్లో అన్నీ పెట్టెలోకి రావాలి. ఆమెన్" అని ఒక కన్ను తెరిచాను (రెండోది అప్పటికే వాచి మూసుకుపోయింది). ఒక్కటీ రాలేదు. వచ్చింది చేను పెద్దాయన, చేతిలో కట్టెతో.

"ఎవరు పాపా నువ్వు? ఈడేం చేస్తాండావ్?"

ఏడుస్తూ అంతా నిజమే చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఇంతపొడుగు రోడ్డుంటే నా చేనే దొరికిందా నీకు? పోయినేడు పంటంతా తాలు పోయి ఏడుస్తాంటే, ఈ పొద్దు ఈగలొకటి!"

చివరికి ఆయన ఫోనే తీసుకుని నాయనకు చేశాను. నాయన మోపెడ్ మీద వచ్చేలోపల చేను వైపు చూద్దును కదా, నొప్పి కూడా మరిచిపోయాను! ప్రతి పువ్వు మీదా రెండో మూడో ఈగలు, కాళ్లకు పసుపు ముద్దలు అంటించుకుని ఒక పువ్వు మీంచి ఇంకో పువ్వుకు. బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకు చెప్పిన పరాగసంపర్కం పాఠం నా ముందే ఎగురుతోంది. చప్పట్లు కొట్టబోయాను గానీ చేతులు వాచాయి.

నాయన వచ్చి నా మొహం చూశాడు. "కండక్టరుకు ఏం చెప్పినావు?" అదీ ఆయన మొదటి ప్రశ్న.

"కుట్టుమిషనని."

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. భుజాలు అదురుతున్నాయి. అయ్యో, నాయనను ఏడిపించానే అనుకున్నాను. చూస్తే నవ్వు! నవ్వయ్యాక లేచి కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన కూడా మర్యాదకు తలగుడ్డ తీశాడు. "దేవా, ఈ పాప చేసింది తెలివితక్కువ పని. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఈ అన్నకూ తెలుసు. దీంట్లోంచి ఏమన్నా మంచి తియ్యాలంటే నువ్వే తియ్యాల. మాతో అయ్యేది కాదు."

పొద్దు వాలేసరికి ఈగలు తమంతట తామే పెట్టె చేరాయి. అయితే దాన్ని మోపెడ్ మీద పెట్టుకోవడానికి నాయన ససేమిరా ఒప్పుకోలేదు. పెద్దాయన కాసేపు గొణిగి, "పూత అయ్యేదాకా ఈడే ఉండనీ. అందాక మందు కొట్టనులే. ఎవరినన్నా కుడితే మాత్రం కాలవలో ఏస్తా" అన్నాడు. మర్నాడు నాయన నన్ను బస్టాండుకు తీసుకుపోయి, ఆ కండక్టరు వచ్చేదాకా నిలబెట్టి, క్షమాపణ చెప్పించాడు.

ఆ తర్వాతి నెల గడిచిన తీరు ఏం చెప్పను! చర్చిలో ఆడవాళ్లు నన్ను మిషనమ్మ అని పిలవసాగారు. ఏడాది మధ్యలో ఏ బడీ ఉద్యోగమివ్వలేదు. దేవుడు మేలు చేస్తాడన్న మాట ఉదయం నమ్మి సాయంత్రానికి పోగొట్టుకునేదాన్ని. అట్లాంటి ఒక మధ్యాహ్నం వీధిలో బండి ఆగింది. "మీ పాప యాడుండాది సార్?" పెద్దాయన గొంతు! ఈగలు ఎవరినో కుట్టి ప్రాణం మీదికి తెచ్చాయనుకుని, వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక దాక్కున్నాను. అమ్మ చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చింది.

ఆయన సంచిలోంచి రెండు ఎండిన పువ్వులు తీసి నాయన ముందు పెట్టాడు. "ఇది అవతలి గట్టుది. నడిమధ్యన చూడు, అంతా తాలే. ఇది పెట్టె పక్కది." రెండో పువ్వులో అంచు నుంచి నడిమధ్య దాకా నల్లటి గింజలు, వేలు దూరే సందు లేదు! "పాపా, వచ్చే పూతకు నాలుగు పెట్టెలు తెచ్చిపెట్టు. ఊరికే వద్దులే, బాడుగ ఇస్తా. మావోళ్లు ఇంకా ముగ్గురు అడుగుతాండారు."

నేను కేక పెట్టి ఎగిరాను. ఎగరడమే కాదు, "చూసినావా నాయనా, నేను చేసింది మంచిపనే!" అనేశాను. నాయన తల అడ్డంగా ఊపాడు. "కాదు పాపా. దేవుడు మేలు చేసినాడని, నువ్వు చేసిన పిచ్చిపని మంచిపని అయిపోదు. రెండూ వేరువేరుగా గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకున్నాను. ఇప్పుడు నా పెట్టెలు గడివేముల నుంచి దొర్నిపాడు దాకా చేలల్లో తిరుగుతున్నాయి, అదీ నా సొంత బండిలో, పొద్దు గుంకాకే. ఎక్కించే ముందు ప్రతి జాలీ రెండుసార్లు లాగి చూసి, ఆ తర్వాతే కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాను. గట్టు మీద వాచిన మొహంతో మోకరించి, దేవుడికి ఐదు నిమిషాల గడువు పెట్టిన ఆ పిల్ల ఒక్కోసారి గుర్తొస్తుంది. దానికి బుద్ధి లేదు, అది ఒప్పుకుంటాను. కానీ అడిగిన మరుక్షణమే కన్ను తెరిచి, వచ్చాయేమోనని చూసింది కదా! నేనిప్పుడు అంత తొందరగా కన్ను తెరిచి చూడను. మా ఇద్దరిలో దేవుడికి ఎవరి ప్రార్థన ఎక్కువ ఇష్టమో, అడగాలంటే నాకు కాస్త మొహమాటం.