వేళ్ళున్న ఉసిరి చెట్టు

మంగాయమ్మత్తది కాలితో తొక్కే కుట్టుమిషను. అందుకే బర్మాలోని మా సంచౌంగ్‌లో కరెంటు పోయినా ఆ ఇంట్లో పని ఆగదు. పన్నెండో ఏట ఆ మిషను ముందు కూర్చుంది, ఇప్పుడు అరవై ఎనిమిది. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో బియ్యం బస్తాలు మోశాడట, తండ్రీ ఆ రేవులోనే పనిచేశాడు. ఈమె లుంగీలు కుడుతుంది, ఇక్కడ ఆడా మగా అందరూ కట్టేవి అవే. దారిన పోయేవాళ్ళ లుంగీ అంచు ఊడినట్టు కనిపిస్తే పిలిచి, నిలబెట్టి, రెండు కుట్లు వేసి పంపుతుంది. వాళ్ళు ఎవరో కూడా అడగదు.

ఆ మంగళవారం సాయంత్రం నేను ఆమె దగ్గర గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నాను. బాబూరావు వచ్చాడు. చౌక్తడాలో ఏదో ఆఫీసులో గుమాస్తా, మా రాములోరి గుడి కమిటీకి పెద్ద. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడంటే చెప్పబోయేది మంచి మాట కాదని నాకు తెలుసు.

"అత్తా, తన్లిన్‌లో మన ఉసిరి సెట్టు కొట్టేసేరు. పెరడు కొన్నోళ్ళు షెడ్డు ఏస్తన్నారు."

మిషను ఆగింది. ప్రతి కార్తీకంలో మా వనభోజనం ఆ పెరట్లోనే. ఉసిరి కింద దీపం పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినాలి. అది మా పెద్దల పద్ధతి.

"ఆదివారం భోజనాలు ఆపనక్కర్లేదులే," అన్నాడు బాబూరావు. "కొమ్మ ఒకటి తెప్పిస్తాను. ఇత్తడి బిందిలో నిలబెడదాం. గుడి హాల్లో అయితే ఫేనులుంటాయి, కుర్చీలుంటాయి."

"నీ పెళ్ళికి పెళ్ళికూతురి పోటో ఎట్టి తాళి కట్టేవేటి, బాబూరావూ?"

అతను నవ్వాపుకోలేకపోయాడు. కాని మాట మాత్రం వదల్లేదు. "రేపు సాయంత్రంలోగా వేళ్ళున్న సెట్టు సూపించు. లేదంటే హాల్లోనే. వంటోళ్ళకి సెప్పుకోవాలి నాను."

అతను వెళ్ళాక అత్త సూది దారం తెంపింది. "ఒక్కసారి హాల్లో కూకుంటే ఇంక లెగరే తాయారూ. ఆ కరోనా రోజుల్లో మూడేళ్ళు ఆపీసేం గుర్తుందా? మళ్ళీ మొదలెట్టడానికి నాను ఎన్ని గుమ్మాలు ఎక్కేను? ఈ ఏడు పిల్లలు హాల్లో తింటే, వనబోజనం అంటే అదే అనుకుంటారు." మిషను మీద గుడ్డ కప్పి, "పొద్దున్నే ఎల్దాం. సద్ది కట్టుకో," అంది.

బుధవారం ఏడు గంటలకల్లా బగో నది వంతెన దాటేశాం. తన్లిన్ దాటాక బస్సు దిగి, ఎవరూ చెప్పని దారి పట్టాం. వానలు వెళ్ళి రెండు వారాలైంది. గాలి ఉతికి ఆరేసిన బట్టలా ఉంది. రెండు పక్కలా వరి వెన్నులు వంగి పసుపెక్కుతున్నాయి, కాలవల్లో బాతులు. నాకైతే బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లలా ఉంది. అత్త లుంగీ జానెడు పైకి దోపి నాకన్నా ముందు నడుస్తోంది.

"నెమ్మదత్తా."

"సెట్టు మనకోసం నిలబడి ఉంటాదేటి? నువ్వు రావే."

మొదటి ఊళ్ళో అన్నీ వెదురు దడులు. ప్రతి వాకిట్లో చీపురు గీతలు ఇంకా చెరగలేదు. దడి బయట చిన్న పందిరి కింద మట్టికుండల్లో నీళ్ళు, మూత మీద బోర్లించిన లోటా. దారిన పోయేవాళ్ళ కోసం పెడతారు. కుండ ఎవరు నింపారో తెలియదు, తాగినవాళ్ళెవరో వాళ్ళకీ తెలియదు. నేను తాగి, కళ్ళు మూసుకుని ఆ ఇంటికి మేలు జరగాలని అనుకున్నాను. అడిగితే ఆ ఊళ్ళో మామిడి ఉంది, చింత ఉంది, ఉసిరి లేదు.

రెండో ఊళ్ళో డో టిన్ అనే పెద్దావిడ చేట పక్కన పెట్టి లేచింది. "ఉసిరి మా పెరట్లోనే ఉంది, రండి," అని చేతులు కడుక్కుని మరీ ముందు నడిచింది. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెళ్ళి చూస్తే అది పుల్లటి చిన్నకాయల రాచ ఉసిరి, పూజకి పనికొచ్చేది కాదు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. అత్త ఆ చెట్టుకేసి చూసి, ఆవిడకేసి చూసి, చాప మీద కూర్చుంది. ఆవిడ జాడీలోంచి తీసిపెట్టిన ఉప్పు రాచ ఉసిరికాయలు నాలుగు తిని, "మా ఇంట్లో ఇంత రుచి కుదరదు," అని బర్మా భాషలో మెచ్చుకుంది. తర్వాతగాని మాకు కావలసింది పెద్ద ఉసిరి అని చెప్పలేదు.

"అయ్యో, అదా? కాలవ గట్టున నేరుగా వెళ్ళండి డో మంగా. పై ఊరి పొంజీల మఠంలో ఉంటుంది. ఎండెక్కింది, ఇది తీసుకోండి," అని తన తాటాకు టోపీ అత్త తల మీద పెట్టింది. డో అంటే ఇక్కడ పెద్దావిడల్ని పిలిచే గౌరవం.

గట్టు మీద అత్త ముందు నడుస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, రామనామం అనుకుంటాను. దూరంగా పొంజీల, అంటే బౌద్ధ భిక్షువుల, మఠం కప్పు కనిపించింది. దాని పక్కన సన్నసన్న ఆకుల పచ్చదనం, గాలికి ఈకలా ఊగుతోంది.

"అదే," అంది అత్త. "అదే, అదే!" అరవై ఎనిమిదేళ్ళ మనిషి గట్టు మీద పరుగందుకుంది.

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాం. మానంత చెట్టు. కొమ్మలు కాయల బరువుకి వంగాయి, కిందంతా రాలి ఎండిన కాయలు. అత్త రెండు చేతులతో ఆ బోదెను తాకి కళ్ళకద్దుకుంది. కాని అడగడానికి మాత్రం జంకింది. బౌద్ధ మఠంలో మా పొయ్యి, మా పూజ ఒప్పుకుంటారా? ఆ భయం నాకూ ఉంది.

మఠం పనులు చూసే ముసలాయన ఊ టున్ వచ్చి నీళ్ళిచ్చాడు. లోపల ఎవరో దగ్గుతున్నారు. "శయాడోకి పది రోజులుగా దగ్గు," అన్నాడాయన. పెద్ద గురువుని అలా అంటారు. "ఉసిరికాయ ఆయనకి మందు. మధ్యాహ్నం దాటాక కూడా తినొచ్చు. కాని భిక్షువులు చెట్టు నుంచి కోయకూడదు, ఇమ్మని అడగకూడదు. ఎవరైనా కోసి చేతికివ్వాలి. నా మోకాళ్ళు చూశారుగా."

"దోటి ఉందా?" అంది అత్త వెంటనే.

ఆయన పొడుగాటి వెదురు తెచ్చాడు. అత్త చివర కొక్కెం బిగించి కొమ్మలు లాగింది, నేను లుంగీ ఒడి పట్టి కాయలు ఏరాను. ఒకటి నా నెత్తిన పడితే, "కార్తీక స్నానం అయిపోనాది నీకు," అని నవ్వింది. బుట్ట నిండింది. కడిగి తీసుకెళ్ళి, మూడుసార్లు మొక్కి, రెండు చేతులతో శయాడోకి సమర్పించింది. ఆయన ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు.

"దూరం నుంచి వచ్చినట్టున్నారు. ఏం వెతుక్కుంటూ వచ్చావు, దగామా?" అని అడిగారు. దానమిచ్చిన ఇల్లాలిని వాళ్ళు పిలిచే పిలుపది.

అత్త చెప్పింది. యాభై మంది, పొయ్యి, దీపం, అంతా చెప్పేసింది. ఊ టున్ తల గోక్కున్నాడు. "పన్నెండు దాటాక ఇక్కడ ఎవరూ తినరు. అప్పుడు వంట వాసనలంటే..."

అత్త వేళ్ళ మీద లెక్కేసి, "అలాగయితే పదిన్నరకే వండేస్తాం. మొదటి వడ్డన మీకు. మీరు తిన్నాకే మేము," అంది.

"చెట్టు నీడ నాది కాదు," అన్నారాయన నవ్వుతూ. "ముందొచ్చినవి చీమలు. వాటిని తొక్కకుండా కూర్చోండి."

గేటు దాటగానే అత్త ఫోన్ తీసింది. "బాబూరావూ, దొరికింది. వేళ్ళున్నాయి, కాయలున్నాయి, సాధువులున్నారు. పదకొండుకి వడ్డన."

"పదకొండుకా? ఆదివారం మనోళ్ళు పదకొండుకి పళ్ళు తోముకుంటారత్తా."

"నువ్వు బస్సు పంపు. పళ్ళ సంగతి నాను సూసుకుంటాను."

మూడు రోజులు ఆమె మిషను మూగబోయింది. ఇంటింటికీ తిరిగి టైము చెప్పింది, ఆలస్యమైతే అన్నం ఉండదని బెదిరించింది. ఆదివారం ఆరింటికి బస్సు నిండిపోయి నలుగురు నిలబడ్డారు. ఏడున్నరకి పొయ్యిలు అంటుకున్నాయి. ఉల్లి లేని పప్పు, గుమ్మడికాయ పులుసు, పులిహోర, పరమాన్నం. పది దాటినా పులుసు మరగలేదు. అత్త విసనకర్రతో పొయ్యికి విసురుతూ, "ఉడకవే తల్లీ, ఉడుకు," అని గుమ్మడికాయని బతిమాలింది. మా ఆడవాళ్ళు కట్టెలు ఎగదోస్తుంటే ఊళ్ళోవాళ్ళు తమ ఇళ్ళ నుంచి ఎండుపుల్లలు తెచ్చి పడేశారు.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా ఐదుగురు భిక్షువులకి వడ్డించాం. శయాడో దగ్గకుండా పరమాన్నం తిన్నారు. తర్వాత చెట్టు మొదట్లో దీపం పెట్టి, ఉసిరికొమ్మని వంచి పూలు చుట్టాం. విస్తళ్ళు చాలలేదు, ఊళ్ళోవాళ్ళు కూడా కూర్చున్నారు మరి. అరటాకులు కోసి తెచ్చింది వాళ్ళే. పిల్లలు ఆకుల మీద రాలిన కాయలు ఏరుకుని కొరికి, ముఖాలు చిట్లించి, వెంటనే నీళ్ళు తాగి, "తియ్యగున్నాయి నీళ్ళు!" అని అరుస్తున్నారు.

అందరూ తిన్నాక అత్త బోదెకి ఆనుకుని కూర్చుంది. నేను వడ్డించాను. బాబూరావు మూడోసారి పులిహోర పెట్టించుకుని ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు.

"అత్తా, వచ్చే ఏటికి రెండు బస్సులు సెప్పాలేమో."

"ముందు ఈ ముద్ద తిన్నీ నన్ను," అంది మంగాయమ్మత్త.