బర్రె తీర్చిన పంచాయతీ

మా అత్త శంకరవ్వకు ఊళ్లో గయ్యాళి అని పేరు. పదకొండేళ్లుగా ఆమెతో ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నదాన్ని, ఆ పేరు తప్పని నేను చెప్పను. కానీ ఆ నోరే లేకపోతే మామ పోయాక రెండెకరాల పొలం మా చేతిలో మిగిలేది కాదని కూడా చెప్పాలి. నా భర్త పరశురాములు మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. ఇక్కడ నాట్లు, కలుపు, కోత, కయ్యం అన్నీ మా అత్తవే. మొదటి మూడింటికి నేను సాయం పోతాను. నాలుగోదానికి ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

కయ్యమంతా పక్క పొలం లక్ష్మీరాజంతోనే. రెండు పొలాల నడుమ, బాట నుంచి లోపలిదాకా ఒక ఒడ్డు ఉంది. మామ ఉన్న రోజుల్లో దాని మీద ఎడ్లబండి పోయేదట. ఏటా నాట్లకు ముందు పారతో ఒడ్డు చెక్కి గడ్డి తీయడం అందరూ చేసేదే. ఒక ఏడు లక్ష్మీరాజం గడ్డితోపాటు జానెడు మన్ను కూడా తీశాడు. మా అత్త ఊరుకుంటుందా? “నువ్వు జానెడు చెక్కితే నేను మూరెడు చెక్కుత” అని మా వైపు నుంచి తను చెక్కింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. వీళ్లిద్దరి కోపం ఆ ఒడ్డు మీద. సర్వేయర్ రెండుసార్లు వచ్చి, గొలుసుతో కొలిచి రాయి పాతాడు. రెండుసార్లూ వారం తిరక్కుండానే రాయి నడిచింది, ఒకసారి అటు, ఒకసారి ఇటు. చివరికి మేక కూడా చూసుకుని నడవాల్సినంత సన్నగా మిగిలింది ఒడ్డు. ఆ తర్వాత మాటలు కూడా బందయ్యాయి. అది జరిగి మూడేళ్లు.

మొన్నటి యాసంగి పంటప్పుడు ఆ మాటల్లేకపోవడమే మా కొంప ముంచబోయింది. మా పొలంలో బాట వైపు సగం నీరు ఊరే జాలు నేల, అక్కడ నాటు వేయం, కోత మిషన్ దిగితే ఇక తేలదు. ఒడ్డు మీద దారి లేదు గనక లోపలి మడికి రావాలంటే లక్ష్మీరాజం మడి మీదుగానే రావాలి. ముందరిది కోస్తేనే లోపలిది కోయగలం. అందుకే నారు పోసేముందు ముందరి మడివాళ్లూ లోపలి మడివాళ్లూ ఏ విత్తనమో మాట్లాడుకోవడం మా దగ్గర రివాజు. వీళ్లు మాట్లాడుకుంటే కదా. ఇన్నాళ్లూ ఇద్దరూ ఒకే రకం పోయడంతో గడిచింది. ఈసారి ఆమె తొందరగా పండే దొడ్డు రకం పోసింది, ఆయన ఆలస్యంగా పండే సన్న రకం. మా వరి పసుపు ముద్దలా పండి నిలబడితే, ముందు ఆయన వరి ఇంకా పాలు పోసుకుంటోంది.

పైన మబ్బు. ముందురోజే పక్క ఊళ్లో రాళ్లవాన పడి కంకుల్లో గింజ మిగల్లేదు. బాట మీద మిషన్ ఆపి డ్రైవర్ కైలాసం నన్నడిగాడు.

“ఎట్ల పోవాలె అక్కా, గాలిల ఎగురాల్నా? పొద్దుగూకితే నేను వేరే ఊరికి పోవాలె. మళ్ల పది రోజులకే వచ్చుడు.”

ఆ వడ్లతోనే మాకు ఏడాది గడవాలి. నాకు ఏడుపొచ్చింది. మా అత్త మబ్బును చూసింది, వరిని చూసింది, కొంగు నడుముకు చుట్టి ఊళ్లోకి నడిచింది. నేను వెనకాలే పోయాను.

లక్ష్మీరాజం వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే గుంజకు ఆయన బర్రె. మా అత్త ఆయన వైపు చూడలేదు. బర్రె ముందు నిలబడింది.

“ఓ బర్రే, మీ ఆసామికి చెప్పు. గా ఒడ్డు నేను గూడ చెక్కిన. రాయి గూడ ఒకసారి నేనే జరిపిన.”

లక్ష్మీరాజం కూడా బర్రె వైపే చూశాడు. “రెండోసారి ఎవలు జరిపిండ్రో ఆమెకు తెల్వదా అని అడుగు.”

“తెల్వకేంది. గది అడగనీకి రాలే. నా వరి పండింది, మొగులు పట్టింది, మిషన్ బాట మీద నిలవడ్డది. మీ మడిలకెల్లి జర తొవ్వ ఇయ్యుమంటున్న.”

మా అత్త ఎవరినైనా ఏదైనా అడగడం నేను చూసింది అదే మొదటిసారి. బర్రె మాత్రం నెమరు ఆపలేదు. లక్ష్మీరాజం భార్య కోమల గడపలోకి వచ్చి ఇద్దరినీ చూసింది.

“అది తీర్పు చెప్తదా? మూడేండ్ల సంది మీతోని మాకు పరేషాన్.”

నాకు నవ్వు ఆగలేదు. లక్ష్మీరాజం లేచి ఇంట్లోకి పోయి రెండు కొడవళ్లతో బయటికొచ్చాడు.

“కోమలా, బర్రెకు పచ్చిగడ్డి లేక మూడొద్దులాయె. ఒడ్డు పొంటి గింత పచ్చివరి కోసుకొద్దాం పా.”

పచ్చిగా నిలబడ్డ వరిని కోయడానికి ఏ రైతుకూ చేతులు రావు. గింజ నలిపితే తెల్లగా పాలు కారుతున్నాయి. నలుగురం వంగి, మిషన్ పట్టేంత వెడల్పున, ఆయన మడి పొడవునా కోశాం. మా అత్త తలెత్తలేదు. మధ్యలో రెండుసార్లు కళ్లు తుడుచుకుంది. చెమట అని నేను అనుకోవాలని ఆమె అనుకుంది, సరే అనుకున్నాను.

నాలుగింటికల్లా మా మడి ఖాళీ అయింది. వడ్లు ట్రాక్టర్‌లో పోసి పైన టార్పాలిన్ పట్టాలు కట్టామో లేదో, రేగుపండ్లంత రాళ్లు పడ్డాయి. అందరం మోటరు కొట్టంలో ఒదిగి నిలబడ్డాం. లక్ష్మీరాజం వరి పచ్చిది కాబట్టి వంగింది గానీ రాలలేదు. వాన ఆగాక మెల్లగా లేచింది. దాన్ని చూసి అందరికంటే ముందు నవ్వింది మా అత్తే.

మర్నాడు ఆయనకు రెండు సంచుల వడ్లు పంపింది. ఆయన ఒకటి తిప్పి పంపాడు. “నా వడ్లు చేదున్నయా?” అని వాకిట్లో ఆమె ఒక పూట తిట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో. మస్కట్‌కు ఫోన్ చేసి మా ఆయనకూ వినిపించాను.

ఎండాకాలం పోకముందే ఇద్దరూ చెరి మూడడుగులు వదిలి ఒడ్డు పెట్టారు. ఆయన మన్ను పోస్తే ఈమె తొక్కింది, ఈమె పోస్తే ఆయన తొక్కాడు. ఇప్పుడు దాని మీద మిషన్ నేరుగా పోతుంది. ఇక ఎవరు ఏ విత్తనం పోసుకున్నా ఎవరికీ నష్టం లేదు, అడగాల్సిన అవసరమూ లేదు.

అయినా మొదటి వాన పడ్డ పొద్దున మా అత్త వాళ్ల వాకిట్లోకి పోయింది. బర్రె తలెత్తి చూసింది. దాన్ని దాటుకుని నేరుగా మంచం దగ్గరికి పోయి నిలబడింది.

“లక్ష్మీరాజం, గీ వానకాలం ఏ ఇత్తనం పోస్తున్నవ్?”

ఆయన మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

“నువ్వే చెప్పు వదినె.”