పైకి లేవని చెయ్యి

మా పాప కొత్త టెన్నిస్ బంతుల డబ్బా మూత లాగితే గుప్పుమనే రబ్బరు వాసనకి నాకిప్పటికీ చిరాకే వస్తుంది.

నాకు పదేళ్లప్పుడు విజయవాడలో మా వీధి చివర ఉండే ఎస్తేరు ఆంటీ నాకు టెన్నిస్ నేర్పేది. దేశదేశాల్లో ఆడి, ఆట మానేసి వచ్చిన మనిషి. ఆవిడ సర్వీసంటే ఎదుటివాళ్లు హడలిపోయేవాళ్లని నాన్న చెప్పేవారు. బంతిని పైకెగరేసి తల మీద నుంచి కొట్టే ఆ సర్వీసే నాకు కావాలి. ఆవిడేమో కుర్చీలో కూర్చుని నోటితోనే నేర్పేది.

“ఒక్కసారి మీరు కొట్టి చూపించండి ఆంటీ,” అని రోజూ అడిగేదాన్ని.

“చెప్తున్నాగా. బంతి ఇంకాస్త పైకెయ్యమ్మా.”

వేసేదాన్ని. నెట్‌కి తగిలేది. మళ్లీ నెట్‌కే తగిలేది. ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు, “అందరం రెండు చేతులూ ఎత్తి స్తుతిద్దాం,” అన్నారు. మా ముందు వరుసలో ఉన్న ఆంటీ ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తింది.

“దేవుడి దగ్గర కూడా పొగరే,” అన్నాను అమ్మతో. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

మర్నాటి నుంచి కోర్టుకి వెళ్లలేదు. ఆంటీ రెండుసార్లు ఇంటికొచ్చి పిలిస్తే తలుపు చాటున దాక్కున్నాను.

కుడి భుజం పాడవబట్టే ఆవిడ ఆట ఆగిపోయిందని పెద్దయ్యాక తెలిసింది. అమ్మకి ముందే తెలుసట. ఆ ముక్కేదో అప్పుడే నాకు చెప్పి ఉండొచ్చుగా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దేవుడి ముందే లేవని చేతిని, నా కోసం లేపమని రోజూ సతాయించాను.