ఆమేన్ తర్వాతి కుదుపు

మొన్న కంటి డాక్టరుకి చూపించుకోవడానికి పలాస వెళ్ళాల్సి వచ్చి, మా తమ్ముడి కోడలు కొత్తగా కొనుక్కున్న కారులో ముందు సీట్లో కూర్చున్నాను. క్లచ్చు లేని బండి, గేర్లు తనంతట తానే మార్చుకునే రకం. ఆ పిల్ల బెల్టు పెట్టుకుని, మీట వెనక్కి లాగి, నాతో కబుర్లు చెబుతూనే బ్రేకు మీద కాలు తీసింది. బండి చప్పుడు లేకుండా వీధి మలుపు దాటేసింది. నేను మాత్రం డోరు పిడి పట్టుకుని, కళ్ళు మూసుకుని, రావలసినదేదో ఇంకా రాలేదన్నట్టు కూర్చుండిపోయాను. "భయమేత్తందా అత్తమ్మా?" అని అడిగింది. భయం కాదమ్మా అన్నాను గానీ అదేమిటో చెప్పలేదు. చెప్పాలంటే ఆ పిల్ల మా కుటుంబంలోకి ఇంకా అడుగుపెట్టని రోజుల నుంచి మొదలుపెట్టాలి.

మా ఆయనది కొబ్బరి వ్యాపారం. ఉద్దానంలో తోటల వెంట తిరగడానికి ఒక జీపు ఉండేది. మా ఇంట్లో ఎవరు ఎక్కడికి బయలుదేరినా ముందు ప్రార్థన చేసుకోవాల్సిందే. అందరూ బండి ఎక్కకముందో, ఎక్కి కూర్చున్నాకో చేసుకుంటారు. ఈయన పద్ధతి వేరు. ఇంజను స్టార్టు చేసి, క్లచ్చు తొక్కి పట్టుకుని, మొదటి గేరు వేసి, అప్పుడు కళ్ళు మూసుకునేవారు. ఆమేన్ అనడమూ క్లచ్చు వదలడమూ ఒకేసారి జరిగిపోవాలి. దేవుడి దగ్గర సెలవు తీసుకున్నాక ఇంకా గుమ్మంలో నిలబడడం మర్యాద కాదని ఆయన వాదన. మర్యాద కాదు, కొబ్బరి లారీ వెళ్ళిపోతుందన్న కంగారని నేను ఏడిపించేదాన్ని.

తర్వాత ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్చు తొక్కితే ప్రాణం పోయినంత పనయ్యేది. జీపు అమ్మేసి, విశాఖపట్నంలో ఎవరో పెద్ద ఆఫీసరు వాడి వదిలేసిన పాత ఆటోమేటిక్ కారు ఒకటి తెచ్చారు. మా చుట్టుపక్కల అలాంటి బండి ఎవరూ చూసి ఉండలేదు. ఎడమ కాలికి పని లేని బండట అని చెప్పుకుంటూ వచ్చి, పెడల్స్ వైపు వంగి వంగి చూసి వెళ్ళేవారు. బండి మారింది గానీ ఆయన అలవాటు మారలేదు. ఇంజను స్టార్టు చేసి, బ్రేకు తొక్కి పట్టుకుని, మీటని 'డి'లోకి, అంటే బండి ముందుకి పోయే గేరులోకి లాగి, అప్పుడు ప్రార్థన మొదలుపెట్టేవారు.

మా ఆడపడుచు, అంటే ఆయన చెల్లెలు, భర్త పోయాక మా ఇంటికే వచ్చేసింది. నాకు తోడబుట్టిన అక్కచెల్లెళ్ళు లేరు. ఆ లోటు తనే తీర్చింది. మా ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన ఆ కిడ్నీ జబ్బు తనకీ వచ్చింది. మొదట్లో డయాలసిస్‌కి పలాస దాటి చాలా దూరం బస్సులో తీసుకెళ్ళేవాళ్ళం. వెళ్ళేటప్పుడు ఎలాగో వెళ్ళేది గానీ, వచ్చేటప్పుడు నిలబడలేక నా భుజం మీద ఒరిగిపోయేది. కారు వచ్చాక తనకి ఊపిరి వచ్చింది. వెనక సీట్లో తలగడ వేసుకుని, దుప్పటి కప్పుకుని, పడుకునేది. మహారాణిలా ఉన్నావని నేను వేళాకోళం చేస్తే, మహారాణులకి ఈ సూదులేటి వదినా అని నవ్వేది.

ఆ కారుకి ఒక గుణం ఉండేది. ఆయన ఆమేన్ అనేసరికి బండి ఒక్కసారి చిన్నగా ఊగి, అప్పుడు కదిలేది. ఎవరో వెనకనుంచి భుజం తట్టినట్టుండేది. ఆ కుదుపు రాగానే వెనక సీట్లోంచి, "ఇన్నాడు వదినా" అనేది మా ఆడపడుచు, దేవుడు మా ప్రార్థన విన్నాడని. మొదట సరదాగానే అంది. రోజులు గడిచేకొద్దీ ఆ మాటలో సరదా తగ్గింది. ఆ కుదుపు కోసం కళ్ళు మూసుకుని ఎదురుచూసేది, అది వచ్చాకే తలగడ మీదికి వాలేది. ఆ రోజుల్లోనే ఆయన ప్రార్థన కూడా పెరుగుతూ వచ్చింది. ముందు చెల్లెలి కోసం, తర్వాత ఆస్పత్రిలో పక్క మంచాల వాళ్ళ కోసం, నర్సుల కోసం, చివరికి కరెంటు పోకుండా ఉండడం కోసం కూడా. చెల్లెలి మీద బెంగతో మనిషి భక్తిలో పడ్డారని నేను లోలోపల సంతోషించాను.

ఈలోగా బండి మొరాయించడం మొదలుపెట్టింది. రైల్వే వంతెన ఎక్కేటప్పుడు ఇంజను గోల పెట్టేదే తప్ప కారు ముందుకి లాగేది కాదు. పలాసలోకి వచ్చేసరికి ఏదో మాడిన వాసన. పలాసలో మాడిన వాసన వస్తే ఎవరైనా జీడిగింజలు కాలుస్తున్నారనుకుంటారు గానీ బండి వైపు చూస్తారా? మేమూ అద్దాలు ఎత్తుకుని ఊరుకున్నాం. అక్కడి మెకానిక్కులకి చూపిస్తే, క్లచ్చు లేని బండి మాకు అంతు చిక్కదని నిజాయితీగా చెప్పేశారు. ఒక మధ్యాహ్నం డయాలసిస్ నుంచి వస్తూ ఉండగా, ఊరికి ఇంకా దూరం ఉందనగా జీడితోటల మధ్య బండి ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది, మీట 'డి'లోనే ఉంది, చక్రం కదలదు. ఆటో దొరికేదాకా ఆ ఎండలో తను నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. "ఈ బండి పోతే నానూ పోయినట్టే వదినా" అంది. నేను తన ముఖానికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టాను.

టెక్కలిలో ఒక మెకానిక్కు గల్ఫ్‌లో ఇలాంటి బండ్లు బాగుచేసి వచ్చాడని ఎవరో చెబితే, వ్యాను వెనక కట్టి కారు అక్కడికి పంపాం. మర్నాడు మేమిద్దరం బయలుదేరుతుంటే మా ఆడపడుచు తనూ వస్తానని పట్టుబట్టింది. "నన్ను ఆస్పత్రికి తోలుకెళ్ళే బండికి వైద్యం సేత్తంటే నాను సూడొద్దా?" అంది. మేం వెళ్ళేసరికి బండి బాగా చల్లారి ఉంది. ఆ మెకానిక్కు మా ఆయన పక్కన కూర్చుని గేరు వెయ్యమన్నాడు. ఈయన మీట లాగి, అలవాటుగా కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. ఆ అబ్బాయి మా మతం వాడు కాకపోయినా పెద్దాయన మీద గౌరవంతో తనూ చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమేన్ అనగానే బండి ఊగి కదిలింది. గేరు బాగానే అందుకుంటోందని తేల్చేశాడు.

నిమ్మాడ జంక్షను దాకా పోయి వచ్చేసరికి బండి మళ్ళీ జారుడు మొదలుపెట్టింది, ఇంజను గోలే తప్ప లాగడం లేదు. గేరు ఆయిల్ నిండా ఉందండీ, బండి పంపే ముందే చూశానని మా ఆయన ఇంజను ఆపి, ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూపించారు. ఆ అబ్బాయి నవ్వి, జీపుకి చూసినట్టు దీనికి చూడకూడదని చెప్పి, వేడి మీద ఇంజను తిరుగుతుండగానే కడ్డీ దింపి తీశాడు. కొసన తడి ఉందో లేదో అన్నట్టుంది, ఉన్నది కాస్తా నల్లబడిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే వాసన. టెక్కలిలో ఆ చుట్టుపక్కల జీడిగింజలు కాల్చేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంత తక్కువ ఆయిల్‌తో, చల్లటి బండి పొద్దున్న వెంటనే ఎలా అందుకుందన్నది మాత్రం అతనికి అర్థం కాలేదు. బండి చల్లారేదాకా ఆగి, మళ్ళీ మా ఆయన్ని కూర్చోబెట్టాడు. ఈయన మళ్ళీ మీట మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకోబోతుంటే అతనికి ఏదో తట్టింది. "మావయ్యా, పార్దన ముందర సేసుకోండి. అయ్యాక గేరెయ్యండి. రెండూ కలిపేత్తే రోగం ఏటో నాకెలా తెలుత్తాది?" అన్నాడు. ఆయన మొహమాటంగా మీట కదపకుండానే ప్రార్థన ముగించి, అప్పుడు 'డి'లోకి లాగారు. ఏమీ జరగలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది, మేమంతా చూస్తూనే ఉన్నాం. ఇక కదలదనుకున్నాక వచ్చింది ఆ కుదుపు.

అప్పుడు అర్థమైంది నాకు. గేరు అందుకోవడానికి బండి రోజురోజుకీ ఆలస్యం చేస్తుంటే, బ్రేకు మీది కాలి కింద ఆ కుదుపు రాబోతున్నట్టు తెలిసేదాకా ఈయన తనకి తెలియకుండానే ఆమేన్ అనకుండా ఆగుతున్నారు. నర్సులూ కరెంటూ ప్రార్థనలోకి వచ్చింది అందుకే. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆయనా సిగ్గుపడుతూ నవ్వారు. మా ఆడపడుచు నవ్వలేదు, కారు వైపే చూస్తూ నిలబడింది.

ఆయిల్ కారుతున్న సీలు మార్చాడు, పాత ఆయిలంతా తీసి కొత్తది పోశాడు. లోపలి ప్లేట్లు కొంత అరిగాయనీ, నెమ్మదిగా నడుపుకుంటే ఇంకా పనిచేస్తుందనీ చెప్పాడు. తర్వాతి డయాలసిస్ రోజున మా ఆయన మీట లాగీ లాగగానే బండి ఊగింది. అప్పటికి ఆయన కళ్ళయినా మూసుకోలేదు. ప్రార్థన అయింది, ఆమేన్ అన్నారు, బండి మెత్తగా సాగిపోయింది. కాసేపటికి వెనకనుంచి చిన్న గొంతుతో, "ఈయేల ఆమేనన్నాక ఊగనేదు వదినా. ఇన్నాడంటావా?" అంది తను. మెకానిక్కు చెప్పిందంతా మాతోపాటు విన్న మనిషే. తెలిసే అడిగింది. వినకుండా ఎక్కడికి పోతాడని నేనేదో అన్నాను గానీ, పలాస వచ్చేదాకా తను తలగడ మీద వాలలేదు. మా ఆయన అద్దంలో మాటిమాటికీ తన వైపే చూస్తూ నడిపారు.

ఆ తర్వాతి సారి ఆయన ఇంజను స్టార్టు చేసి మీట ముట్టుకోలేదు. బండిని పార్కింగు గేరులోనే ఉంచి, కళ్ళు మూసుకుని, మునుపటిలా పొట్టి ప్రార్థన చేసి, ఆమేన్ అన్నాక, చప్పుడు కాకుండా మీట 'డి'లోకి లాగారు. బండి చిన్నగా ఊగింది. "ఇన్నాడు" అని వెనక సీట్లో తను తలగడ మీదికి వాలింది. జీపు నాటి నుంచి నేనెంత ఏడిపించినా మారని అలవాటు ఆ రోజు మారింది. తను ఆస్పత్రికి వెళ్ళిన చివరి ప్రయాణం దాకా ఆ కొత్త వరస ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ సంగతి ఆయన నాతో అనలేదు, నేనూ అడగలేదు. ఆయన్ని పెళ్ళి చేసుకున్నందుకు నేను అన్నిటికంటే ఎక్కువగా సంతోషపడింది ఆ పొద్దునే.

ఇప్పుడు ఆయనా లేరు. బండ్లన్నీ మంచివి వచ్చాయి, రోడ్లు బాగుపడ్డాయి, ఆస్పత్రికి వెళ్ళే దూరం తగ్గింది. ఇవన్నీ మా ఆడపడుచు ఉన్నప్పుడే వచ్చి ఉంటే ఎంత బాగుండేదోనని ప్రతిసారీ అనిపిస్తుంది. మొన్న కంటి డాక్టరు దగ్గరనుంచి తిరిగి వచ్చేటప్పుడు, కాస్త ఆగమ్మా, ప్రార్థన చేసుకుందాం అన్నాను. ఆ పిల్ల మంచిది, ఆగింది. ఆమేన్ అన్నాను. ఆ పిల్ల మీట లాగింది, బండి సాగిపోయింది, ఏ కుదుపూ రాలేదు. విన్నాడంటావా అని అడిగే మనిషి కోసం ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. సీటు మీద నా మందుల సంచి ఉంది.