ష్ గారి రీడింగ్ రూము

కాలేజీ లైబ్రేరియన్‌కు చప్పుడంటే గిట్టదు. చీమ చిటుక్కుమన్నా పెదవుల మీద వేలు పెట్టి "ష్" అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరేమిటో ఎవరికీ గుర్తులేదు, అందరికీ ఆయన ష్ గారే.

ఆయన చేతిలో ఎక్కువ అవస్థ పడింది ఒక పీహెచ్‌డీ విద్యార్థిని. పేజీ తిప్పితే ష్. పెన్ను మూత తీస్తే ష్. ఒకసారి తుమ్మొస్తే పాపం బయటికి పరుగెత్తి తుమ్మి వచ్చింది. తలుపు కిర్రుమందని దానికీ ష్! ఈయన పుట్టినప్పుడైనా ఏడ్చారో లేదోనని ఆమెకు అనుమానం.

ఇంతలో పత్రికలన్నీ కంప్యూటర్లలోకి వచ్చిపడ్డాయి. పేజీల చప్పుడుతోపాటు మనుషులూ మాయమయ్యారు. అందరూ ఇంట్లో కూర్చుని ఫోన్లోనే చదువుకోసాగారు. కోరుకున్న నిశ్శబ్దం దొరికింది కదా, ష్ గారు సంతోషించారా? అబ్బే! నరమానవుడు దొరక్క ప్రింటర్ మీద పడ్డారు. అది గుర్రుమనగానే పరుగెత్తుకెళ్లి ఆపేసేవారు.

ఆ విద్యార్థిని మాత్రం రావడం మానలేదు. ఇంట్లో ఒక గదిలో అత్తగారి టీవీ, ఇంకో గదిలో కవల పిల్లలు. థీసిస్ ఇక్కడ రాయాలి, లేదా వదిలేయాలి. అలాంటిది, పత్రికలన్నీ ఆన్‌లైన్లో ఉండగా రీడింగ్ రూము దండగ, సోమవారం వచ్చి చూసి మూసేస్తామని ప్రిన్సిపాల్ కబురు పెట్టారు. ఆమెకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

సోమవారం మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చింది. ఒక్క నిమిషమే అనుకుంది.

"ష్!"

ఉలిక్కిపడి మేలుకుంది. కానీ ఆ ష్ తనకు కాదు, గుమ్మంలో బూట్లు టకటకలాడిస్తున్న ప్రిన్సిపాల్‌కు. భయంతో కళ్లు మూసుకునే ఉంది.

"ఏమయ్యా, పత్రికలన్నీ ఇళ్లకే పంపిస్తున్నాం. ఇంకా ఈ గదెందుకు?"

"మెల్లగా సార్, అమ్మాయి పడుకుంది. పత్రికలంటే పంపించారు. ఈ నిశ్శబ్దాన్ని వాళ్లింటికి ఎలా పంపిస్తారు?"

ప్రిన్సిపాల్ బల్ల వైపు తొంగి చూశారు. తర్వాత ఆయనా గొంతు తగ్గించారు. "ఇందాక గురక పెట్టిందే. దానికి ష్ లేదా?"

"రోజూ పెడుతుంది సార్. పిల్లలతో రాత్రి నిద్రుండదు పాపం. ఆ ప్రింటర్ని ఆపేది అందుకే."

ఆమెకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. ఒక కన్ను తెరిచి చూస్తే, ప్రిన్సిపాల్ బూట్లు చేత్తో పట్టుకుని మునివేళ్ల మీద వెళ్లిపోతున్నారు. "గది ఉండనీలే" అని గుసగుసగా చెప్పి మరీ వెళ్లారు.

ఆమె లేచి, కళ్లు తుడుచుకుని, ల్యాప్‌టాప్ తెరిచింది. కీబోర్డు టకటకా మోగింది. ష్ గారు కిక్కురుమనలేదు.