ఆ మధ్యాహ్నం లైను ఊగింది

అమ్మకి ఆ మధ్యాహ్నం కంటి శుక్లం ఆపరేషన్. ఆసుపత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో, మా ఇంటికి దగ్గరే. "షిఫ్టు దిగగానే వచ్చేస్తాను, నన్ను చూశాకే లోపలికి వెళ్దువుగాని," అని అమ్మకి మాటిచ్చాను. అప్పటిదాకా తోడుండడానికి ఎల్బీనగర్ నుంచి అక్క వచ్చింది.

రాష్ట్రంలో కరెంటు ఎటు నుంచి ఎటు పోతోందో తెరల మీద చూసే కంట్రోల్ రూమ్‌లో నా ఉద్యోగం. సంచీ తీసుకుని లేవబోతుంటే ఒక పెద్ద లైను మీద కన్ను పడింది. దాని గీత పైకీ కిందకీ ఊగుతోంది. ఊగడం కొత్తేమీ కాదు. ఎక్కడో ఒక పెద్ద యంత్రం ఆగినా ఇలా ఊగి, కాసేపటికి దానంతటదే సద్దుమణుగుతుంది. ఇది సద్దుమణగడం లేదు. ఒక్కో ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతోంది. వదిలేస్తే లైన్లు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అయి ఊళ్లకి ఊళ్లే కరెంటు లేకుండా అయిపోతాయి.

"కాసేపు చూద్దామమ్మా, అలారం రాలేదుగా," అన్నారు షిఫ్టు ఇన్‌చార్జి.

"వచ్చేదాకా ఆగితే మన చేతుల్లో ఉండదు సార్."

ఆయన తెరకేసి చూసి, ఫోన్ నా వైపు జరిపారు.

ఆ లైను మొదలయ్యే విద్యుత్ కేంద్రానికి ఫోన్ చేసి, ఉత్పత్తి తగ్గించమన్నాను.

"రిపేరు అయిపోయి గిప్పుడే ఫుల్ లోడుకు తెచ్చినం మేడం. మళ్ల దించుమంటే ఎట్ల?" అన్నాడు అక్కడి డ్యూటీ ఇంజనీరు.

"మీ మెషిన్ ఊగుతోందండీ. స్టెబిలైజర్ ఆన్‌లో ఉందా?"

యంత్రం ఊగినప్పుడల్లా ఎదురు పట్టి దాన్ని నెమ్మదింపజేసే పరికరం అది.

"జర ఆగండి, చూస్త."

బల్ల మీద నా సెల్‌ఫోన్ మోగింది. అక్క. ఎత్తలేదు. మళ్లీ మోగితే బోర్లా పెట్టాను. కుర్చీలో కూర్చోలేక, రిసీవర్ తీగ సాగినంత మేరా అటూ ఇటూ తిరిగాను.

"ఆఫ్‌లనే ఉన్నది మేడం!" అతని గొంతు మారిపోయింది. "రిపేరప్పుడు తీసి, మళ్ల పెట్టుడు మరిచినట్టున్నరు. లోడు దించుతున్నం."

గీత వెంటనే లొంగలేదు. ఇంకో పెద్ద ఊపు ఊగింది. తర్వాతిది కాస్త చిన్నది. ఆ తర్వాతది ఇంకా చిన్నది. స్టెబిలైజర్ పెట్టామని అతను చెప్పేసరికి మామూలైపోయింది.

మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. దిగేది దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా, మలక్‌పేట రాకముందే తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

ఆపరేషన్ అయిపోయింది. "మీ అమ్మ మీ కోసం జరసేపు ఆగుదమన్నది మేడం. డాక్టర్ సాబ్ ఆగలే," అంది నర్సు.

"ఫోన్ ఎత్తలేనంత పనేంటే నీకు?" అంది అక్క.

"పెద్ద గండమే తప్పిందే అక్కా. కరెంటు పోయేది..."

"పోలేదుగా?"

నిజమే, పోలేదు.

"దాన్నేం అనకే, వచ్చిందిగా," అంది అమ్మ, కంటికి కట్టుతో. చెయ్యి పట్టుకుంటే వదల్లేదు. అయినా నా మనసు అక్కడ నిలవలేదు. నర్సు చుక్కల మందు గురించి చెబుతుంటే వరండాలోకి వెళ్లి, ఆ విద్యుత్ కేంద్రానికి మళ్లీ ఫోన్ చేసి, స్టెబిలైజర్ సంగతి అడిగాను.

"ఆన్‌లనే ఉన్నది మేడం. ఇంక మీరు పరేషాన్ గాకుండ్రి."

లోపలికొచ్చి, చుక్కలు ఎప్పుడెప్పుడు వేయాలో మళ్లీ చెప్పమని నర్సుని అడిగాను. అక్క నా వైపు చూసి, మందు సీసా నా చేతిలో పెట్టింది.